మా చేలోకి వచ్చిన సరిహద్దు

ఆ ఏడాది రెండో పంట దాళ్వా ఊడుపులూ ఎన్నికల హడావిడీ ఒకేసారి వచ్చిపడ్డాయి. సాయంత్రమైతే మా అరుగు మీద బావకీ చిన్నాన్నకీ వాదన మొదలయ్యేది. ఇద్దరివీ చెరో పార్టీ. అంతకుముందు కాలవ నీళ్ల గురించో రోడ్ల గురించో తగువులాడుకునేవాళ్లు. ఈసారి టీవీ పుణ్యమా అని దేశ సరిహద్దు మీద పడ్డారు. అది మా ఊరికి ఎంత దూరమో ఇద్దరికీ తెలియదు.

"కాగితాల్లేకుండా దూరినోళ్లని వెంటనే తోలేయాలండి," అనేవాడు బావ.

"ఇన్నాళ్లూ కుర్చీలో కూర్చుని మీవోళ్లు ఏం చేశారంట? ఓట్లప్పుడే గుర్తొచ్చిందా కంచె?" అనేవాడు చిన్నాన్న.

లోపల మిషను కుడుతూ నేను పళ్లు నూరుకునేదాన్ని. ఎందుకంటే మా అక్క, అంటే బావ భార్య, కువైట్లో ఉంది. ఇంటిపనికని వెళ్లింది. కొట్టే యజమాని ఇంట్లోంచి పారిపోయి, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే వదిలేసి, దొంగచాటుగా నాలుగిళ్లలో పని చేసుకుంటోంది. అలాంటివాళ్లని మా వైపు ఖల్లివల్లి అంటారు. పోలీసులకి దొరికితే జైలు, ఆ తర్వాత ఉత్త చేతులతో ఇంటికి. బావ కౌలు చేసే నేల నడిచేది అక్క కష్టం మీదే. ఆ సంగతి అరుగు మీద ఎవరూ ఎత్తేవారు కాదు. నేనూ ఎత్తలేదు. బావ నొచ్చుకుంటాడని కాదు, ఆ మాట అంటే నాకే ఏడుపొస్తుందని.

ఊడుపులకి మా ఊరి ఆడవాళ్లు చాలక, కొన్నేళ్లుగా బెంగాల్ నుంచి మగవాళ్ల ముఠాలు వస్తున్నాయి. ఆసారీ బావే ఒక ముఠాని పిలిపించుకుని మా పశువుల పాకలో దింపాడు. రోజూ బావ మాటలు వింటున్న ఆయన పార్టీ కుర్రాళ్లు ఓ పొద్దున ఫోన్లు పట్టుకుని నేరుగా బావ చేలోకే దిగారు. ఒక్కొక్కరినీ నిలబెట్టి, ఏ దేశం మీది, కార్డు చూపించు అంటూ వీడియో తీశారు.

"వీళ్లు మనోళ్లేరా. నేనన్నది వీళ్లని కాదు," అన్నాడు బావ గట్టు మీంచి.

"మరి ఎవర్నన్నారండి?" అన్నాడు ఒకడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు.

ముఠావాళ్లు కార్డులు చూపించారు. అయినా మధ్యాహ్నానికల్లా వాళ్ల మేస్త్రి మూటలు కట్టించేశాడు. సగం చేను మిగిలిపోయింది. నారుమడిలోంచి తీసిన ఆకు కట్టలు బురదలోనే పడున్నాయి. బావ ఆటో దాకా వెంట నడిచి బతిమాలాడు. ఆ మేస్త్రి దండం పెట్టాడే కానీ ఆగలేదు.

శుక్రవారం అక్క ఫోన్ చేస్తే బావ స్పీకరు పెట్టాడు. ఆకు ముదిరిపోతోందనీ, కుర్రాళ్లు తన మాట తనకే అప్పజెప్పారనీ బావ గోడు వెళ్లబోసుకున్నాడు. అంతా విని, "పనివాళ్లు అన్నం తిని వెళ్లారా?" అంది అక్క.

బావ నా వైపు చూశాడు. వాళ్లు వండుకున్న అన్నం గిన్నెతో సహా పాకలోనే ఉండిపోయింది.

తర్వాత అక్కే చెప్పింది, తనుండే సందులో సోదాలు జరుగుతున్నాయనీ, గది మారిపోయాననీ.

"ఎక్కడికి మారావు?" అన్నాడు బావ.



"అది మీకు చెప్పనులెండి," అంది అక్క. "మీరు నలుగుర్లో మాట్లాడేస్తారు."