మాత్రలు తెచ్చిన వేవిళ్ళు

కొత్త కోడలు వాంతి చేసుకుంటే అజీర్తి అన్న మాట ఎవరి నోటా రాని రోజులవి. మహబూబ్‌నగర్‌లో కిరాయి ఇంట్లో నేను, మా ఆయన, అత్తమ్మ ఉండేవాళ్ళం. నా టీచర్ ట్రైనింగ్ పూర్తయ్యేదాకా పిల్లలు వద్దని మేమిద్దరం గుట్టుగా అనుకున్నాం (అత్తమ్మకు చెప్పే ధైర్యం ఒక్కరికీ లేదు). ఒక రాత్రి మా జాగ్రత్త కాస్తా చిరిగిపోయింది. తెల్లారగానే దవాఖానకు పరుగెత్తాను. డాక్టరమ్మ నవ్వకుండా విని, కడుపు రాకుండా ఆపే మాత్రలిచ్చి రెండు విడతలుగా మింగమంది. "జర కడుపుల తిప్పుతది, ఫికర్ చెయ్యకు," అని కూడా అంది.

తిప్పడమంటే అలా ఇలా తిప్పలేదు. మర్నాడు పెరట్లో పేగులు బయటికొచ్చేలా వాంతి చేసుకుంటుంటే అత్తమ్మ వచ్చి వీపు రాసింది. లేచి చూద్దును కదా, ఆమె కళ్ళనిండా నీళ్ళు. "ఎన్నొద్దుల సంది అయితున్నయి బిడ్డా? నాకు చెప్పొద్దా?" అంది. నేను నోరు తెరిచేలోగా మళ్ళీ వాంతి. సాయంత్రానికి పక్కింటి ఖాలమ్మ కొంగునిండా పచ్చి మామిడికాయలు తెచ్చింది. నాకు వాటిని చూస్తేనే కడుపులో దేవింది. మా ఆయన సిగ్గు లేకుండా ఉప్పూకారం అద్దుకుని తిన్నాడు.

నెలసరి వచ్చిన రోజు అత్తమ్మ అన్నం ముట్టలేదు. "దిష్టి తగిలింది. ఒకపారి పోయినంక మల్ల నిలుస్తదో లేదో," అని ఖాలమ్మతో అంటుంటే విన్నాను. మాత్రలు మింగి నా కడుపు నేనే ఎండబెట్టుకున్నానేమో అనుకున్నాను. మళ్ళీ దవాఖానకు పరుగు.

"నాకిగ పిల్లలు కారా అమ్మా?" అని ఏడ్చాను.

"గా మాత్రల పని గా ఒక్కసారికే. నీ గర్భసంచికి ఏం గాలె. పైలంగ లేకుంటే వచ్చే నెలల్నే నిలుస్తది," అంది డాక్టరమ్మ. ప్రాణం లేచొచ్చింది. మెట్లు దిగేలోగా మళ్ళీ భయం పట్టుకుంది, పరీక్షలింకా కాలేదు మరి.

ట్రైనింగ్ ముగిశాక నిజంగానే వేవిళ్ళు మొదలయ్యాయి. అత్తమ్మ మాత్రం "తిన్నది అరగలేదు," అని వాము నీళ్ళు తాగించింది. డాక్టరమ్మ ఖాయం చేసి చెప్పినా అత్తమ్మ వాడకట్టులో ఎవరికీ ఆ మాట చెప్పలేదు. నా కడుపు ఎత్తుగా కనబడుతున్నా సరే, ఎవరైనా అడిగితే "బాగ తింటాంది," అనేది.

పాప పుట్టాక ఒళ్ళో వేసుకుని అప్పుడంది అత్తమ్మ: "ముందుగాల్నే చెప్పుకుంటె మల్ల పోతదని భయమయింది బిడ్డా. గా పోయినదాన్ని తలుసుకుని ఎన్నిసార్లు ఏడ్సిన్నో."

పోయిందేమీ లేదని చెప్పబోయాను. ఆమె పాప నుదుట ముద్దు పెట్టుకుంటోంది. నేను పాప గుడ్డలు మడతపెట్టసాగాను. పుస్తకాలు చంకన పెట్టుకుని దవాఖానకు పరుగులు తీసిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. లేని మనవడికోసం అత్తమ్మ ఏడ్చిందన్నది గుర్తొస్తే ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది.