గమ్ము తయారయ్యేదాకా

చిక్కడపల్లిలో ఎవరిని కదిపినా గ్రూప్-టూ గురించే మాట్లాడే ఆ రోజుల్లో, మా అశోక్ నగర్ గదిలో పోటీ పరీక్షల ఊసు లేకుండానే అలసిపోయేవాణ్ణి నేనొక్కణ్ణే. ఉద్యమం బంద్ లేని రోజున విద్యానగర్ దాటి ఒక ల్యాబుకు వెళ్లి క్యాన్సర్ కణాలను సీసాల్లో పెంచడం నా పని. కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటానికి వాటి ఒంటిమీద కొన్ని అణువులుంటాయి, వాటి మీద పరిశోధన. నా సీసాల్లో మాత్రం కణాలు దేన్నీ పట్టుకునేవి కావు, చచ్చి తేలేవి. (మా సారు నన్ను చూసి నిట్టూర్చేవారు, నేను కణాలను చూసి.)

గదిలో వాళ్లు మాత్రం నన్ను క్యాన్సర్ డాక్టర్ని చేసేశారు. అందరికన్నా గట్టిగా నమ్మినవాడు గ్రూప్-టూ అన్న. పాలమూరు నుంచి వచ్చి ఏళ్లుగా నోటిఫికేషన్ కోసం కాచుకున్నవాడు. ఒక ఆదివారం తల్లిని వెంటబెట్టుకొచ్చాడు. కవాడిగూడ బస్తీలో ఉంటూ కూలికి పోయే మనిషి. రొమ్ములో గడ్డకు ఆపరేషన్ అయింది. తర్వాతి ఇంజెక్షన్లు రెండు పడేసరికి వాంతులతో నీరసించి, ఇక చాలు, ఊరికి పోతానంటోంది.

"నువ్వన్న చెప్పు తమ్మి, నా మాట ఇంటలేదు" అన్నాడు అన్న. ఆమె మంచం మీద కూర్చుని నా వైపు చెయ్యి చాపింది. నాడి పట్టుకున్నాను. (చూడటం రాదు. వదిలేయడానికి ధైర్యం చాల్లేదు.)

"గడ్డ కోసి తీసిన్రు గద బిడ్డా, ఇంకా సూదులెందుకు?"

"కణాలు పక్కదాన్ని పట్టుకొని ఉంటయి పెద్దమ్మా. క్యాన్సర్ల ఆ పట్టు సడలి కొన్ని విడిపోతయి. నెత్తురుల పడి పోయి ఇంకోతాన అతుక్కుంటయి. గట్ల పోయినవి ఉన్నయో లేవో కండ్లకు కనబడయి. సూదులు వాటి కోసమే."

"మరి అవి ఊడకుంట గమ్ము పెట్టరాదు?"

"దాని మీదనే పనిచేస్తున్న. అయ్యేసరికి ఏండ్లు పడ్తది." (అబద్ధం కాదు. నిజమని ప్రమాణం మాత్రం చేయలేను.)

"అయితే నీ గమ్ము అయ్యేదాక సూదులు తీసుకుంట. జర జల్ది చెయ్యి."

నాకు నిజంగా భయం వేసింది. మర్నాడు ఎన్నడూ లేనంత పొద్దున్నే ల్యాబుకు వెళ్తే కణాలన్నీ తేలుతున్నాయి. ఇంజెక్షన్ పడిన ప్రతిసారీ అన్న వచ్చి, "యాడిదాక వచ్చింది తమ్మి, అమ్మ అడుగుతున్నది" అనేవాడు. ఆమె ఒక్కటీ వదలకుండా అన్నీ పూర్తి చేసింది. నేనే ఏదీ పూర్తి చేయలేదు. ప్రాజెక్టు ఆగిపోయాక నారాయణగూడలో ఒక కాలేజీలో జువాలజీ చెప్పుకుంటూ ఉండిపోయాను. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి ఇప్పటికీ నోరు రాలేదు.

సూదులు ముగిసి ఇన్నేళ్లయినా, మొన్న మళ్లీ ఫోన్ చేసింది. "గమ్ము అయిందా బిడ్డా?"

"ఇంక లేదు పెద్దమ్మా."

"నిమ్మలంగ చెయ్యి. నాకిప్పుడు తొందరేం లేదు."