గోడ కూలిన మర్నాటి సంతకం

లెక్కల టీచరుగా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. ఎవరైనా దయ్యాన్ని చూశామంటే, ఎన్ని గంటలకు, ఎంత దూరం నుంచి, అప్పుడు వెలుతురు ఎంత అని అడిగేదాన్ని. మూడో ప్రశ్న దాకా ఎవరూ నిలబడలేదు. ఇప్పుడు నేను రాసేది కూడా ఆ ప్రశ్నలన్నీ నాకు నేను వేసుకున్నాకే రాస్తున్నాను.

మా ఆయన పోలీసు శాఖలో ముప్పై నాలుగేళ్లు చేశారు. ఆత్మకూరులో ఎస్సైగా మొదలై, గద్వాలలో సీఐ అయి, చివరికి డీఎస్పీగా దిగిపోయారు. పదకొండు బదిలీలు. ముప్పై నాలుగు దసరాల్లో ఆయన ఇంట్లో భోంచేసినవి ఆరు. మిగతావి బందోబస్తులో పోయాయి. రిటైరయ్యాకైనా మనిషి నాకు మిగులుతారని వనపర్తిలో చిన్న ఇల్లు కట్టుకున్నాం.

నాలుగు నెలలు మిగిలారు. తర్వాత గద్వాల వైపు పత్తి విత్తనాల గోదాముల వాళ్లు, కాపలా ఎట్లా పెట్టాలో చెప్పమని పిలిచారు. సెక్యూరిటీ కన్సల్టెంట్ అని కార్డులు అచ్చయ్యాయి.

"ఇంక ఇంట్ల ఉంటే ఏమైతది?" అని అడిగాను.

"సర్వీసుల ఉన్నన్ని దినాలు నేను చెప్తే ఒక్కడు ఇనలే. ఇప్పుడు కుర్చీ ఏసి మరీ ఇంటున్రు. జర ఆ సంబురం పడనియ్యరాదు," అని నవ్వారు.

ఆ సంబరం పదకొండేళ్లు సాగింది.

ఆయన ఏ గోదాముకూ చెప్పి వెళ్లేవారు కాదు. కారు దూరంగా ఆపి, గేటు దగ్గరికి పోకుండా ముందు ప్రహరీ చుట్టూ నడిచేవారు. పోలీసు స్టేషన్లలో పై అధికారి తనిఖీకి వచ్చినప్పుడు రాసే విజిటింగ్ బుక్ ఉంటుంది. అట్లాంటిదే ప్రతి గోదాములోనూ పెట్టించారు. వాచ్‌మన్ అందులో రోజూ తారీఖు వేయాలి, ఆయన రాగానే సమయం వేయాలి. దాని కింద ఆయన ఒక్క వాక్యం రాసి సంతకం పెడతారు.

పోయిన వానాకాలంలో ఆయనకు గుండె నొప్పి వచ్చింది. ఆస్పత్రిలో తొమ్మిది రోజులున్నారు. శనివారం పొద్దున ఆరూ పదికి పోయారు. నేను పక్కనే ఉన్నాను.

నలభై మూడేళ్ల సంసారంలో ఆయన నాకు ఒక్క ఉత్తరం రాయలేదు. రోజుకోసారి ఫోన్ చేసి, వస్తున్నాననో రావడం లేదనో చెప్పేవారు, అంతే. ఇంట్లో ఎంత వెతికినా ఆయన చేతిరాత నాలుగు వాక్యాలు కలిపి దొరకలేదు. అందుకని కర్మలన్నీ అయ్యాక, వడ్డేపల్లి దగ్గరి గోదాము మేనేజరుకు ఫోన్ చేసి, ఆ విజిటింగ్ బుక్ నాకివ్వమని అడిగాను. సోమవారం వెళ్లాను.

పుస్తకం చివరి పేజీ చూశాను. ఆఖరి తనిఖీ గురువారం, పొద్దున పదకొండూ ఇరవై. "తూర్పు గోడ నాలుగు గజాలు పడింది. నేడే తడిక కట్టించాలి." కింద ఆయన సంతకం.

ఆ గురువారానికి ఆయన పోయి పదమూడో రోజు.

వాచ్‌మన్ తారీఖు తప్పు వేసి ఉంటాడని నేను వెంటనే అనుకున్నాను. నెలకు సరిపడా తారీఖులు ఒకేసారి వేసి పెట్టుకోవడం వాళ్లకు అలవాటని మా ఆయనే విసుక్కునేవారు. మేనేజరుకూ అదే తోచింది. వాచ్‌మన్ తిమ్మప్పను పిలిచాడు.

"ఏం తిమ్మప్పా, తారీఖులన్నీ మళ్ల ఒక్కపారే గీకినవా?"

"అప్పుడప్పుడు గట్ల రాస్త సారూ, అబద్ధమెందుకు? కని గిది గాదు. పెద్దసారు ఒచ్చినంకనే ఏసిన."

"పొద్దుగాలనే కల్లు పడ్డదా ఏంది?"

"నేనిడిసి నాలుగేండ్లాయె. మీ సంగతి చెప్పున్రి," అని మేనేజరుకు బదులిచ్చి, నావైపు తిరిగాడు. "సారు బాగున్నడా అమ్మా? గా దినం గూడ గోడ పట్టుకొని సుట్టు తిరిగే ఒచ్చిండు." అప్పుడు నా నుదురు చూసి ఆగిపోయాడు.

తిమ్మప్ప ఇరవై రోజులు సెలవు పెట్టి, రాయచూరులో కూతురి దగ్గర ఉండి, ఆ బుధవారం సాయంత్రమే పనిలోకి వచ్చాడట. ఆయన పోయిన సంగతి అతనికి తెలియదు. అది పని లేని కాలం కాబట్టి గోదాములో మరో మనిషి కూడా లేడు.

తారీఖు తప్పని ఒప్పుకుందాం. కానీ గోడ కూలింది బుధవారం రాత్రి వానకు. గురువారం పొద్దున తిమ్మప్ప ఫోన్ చేశాడని మేనేజరే చెప్పాడు. తిమ్మప్పకు అంకెలు, తన పేరు తప్ప రాయడం రాదు. ఆ వాక్యాన్నీ సంతకాన్నీ వెనక పేజీల్లో ఆయన రాసిన పద్నాలుగింటితో పోల్చి చూశాను. అక్షరం వాలు కూడా తేడా లేదు.

నాకు కోపం వచ్చింది. బతికినన్నాళ్లూ డ్యూటీకే పోయిన మనిషి, పోయాక కూడా డ్యూటీకే పోయారా? నా దగ్గరికి రావాలని అనిపించలేదా?

"కూసున్నరా? ఏమన్న అన్నరా?" అని తిమ్మప్పను అడిగాను.

"కూసోలేదమ్మా. చాయ్ తాగున్రి అంటే ఒద్దన్నడు. ఇంట్ల ఎదురుసూస్తుంటది, జల్ది పోవాలె అన్నడు. ఇన్నేండ్లల్ల సారు నోట గా మాట ఇనలే."

పన్నెండుకు పావుగంట ముందు బయలుదేరారట. ఆయన కారు నడిపితే అక్కడి నుంచి మా ఇంటికి గంటన్నర. అంటే ఒంటిగంటంబావు.

ఆ గురువారం నేను ఇంట్లో లేను. పదకొండో రోజు పెద్ద దినం అయ్యాక, ఒక రాత్రి నిద్రకని పుట్టింటివాళ్లు తీసుకుపోవడం మాలో ఆనవాయితీ. బుధవారం మా తమ్ముడు నాగర్‌కర్నూలు నుంచి వచ్చాడు. నేను రానన్నాను. "ఒక్క దినమే గద అక్కా, ఈడ ఎవరున్నరని?" అన్నాడు. తాళం వేసి వెళ్లాను. గురువారం సాయంత్రం నాలుగున్నరకు తిరిగొచ్చాను.

గోదాము నుంచి ఇంటికి చేరగానే ఎదురింటి సావిత్రమ్మను అడిగాను, ఆ రోజు మధ్యాహ్నం మా ఇంటికి ఎవరైనా వచ్చారా అని.

"ఎవరొస్తరు వదినా, తాళం ఉండె గద," అంది.

సంతకం అక్కడికి ఎట్లా వచ్చిందో నేను ఇప్పటికీ తేల్చలేకపోయాను. ఎవరైనా తేలిస్తే ఒప్పుకుంటాను. నన్ను తినేస్తున్నది అది కాదు. జీవితంలో మొదటిసారి తొందరగా ఇంటికి బయలుదేరిన మనిషి, ఆ తాళం ముందు ఎంతసేపు నిలబడ్డారో నాకు తెలియదు.