గాలికి పెట్టిన చీము

ఆడపడుచును కాబట్టి కడుపుమంటతో చెబుతున్నానని అంటారు. అనండి. మా వదిన గురించి మంచి చెప్పమంటే రెండు ముక్కలు చెప్పగలను. పని ఎగ్గొట్టదు, అబద్ధమాడదు. తాను అన్నదే నిజమనుకునే మనిషికి అబద్ధమాడే అవసరమేముంటుంది?

ఆవిడ ఒక చిన్న ఆసుపత్రి ల్యాబుకు పెద్ద. రక్తమైనా, మూత్రమైనా, చీమైనా ఆవిడ చేతి మీదుగా పోవాల్సిందే. ఆవిడ కింద చేరిన టెక్నీషియన్లు ఆవిడ నోటికి తాళలేక ఒక్కొక్కరే జారుకున్నారు. నేను అదే ఆసుపత్రిలో దుప్పట్లూ గౌన్లూ కుట్టే గదిలో పని చేస్తాను. కాబట్టి నేను చెప్పేవి గోడ పక్కన విన్నవి కావు, కళ్ళారా చూసినవి.

చిన్నప్పుడు వాళ్ళ నాన్న కిటికీ లేని అద్దె గదిలో దగ్గి దగ్గి పోయాడట. అప్పట్నుంచి గాలాడని చోటే రోగమన్నది ఆవిడకు వేదవాక్కు. ఆ సంగతి విని నేనూ జాలిపడ్డాను. కానీ ఒక గదిలో నిజమైనది అన్ని గదుల్లోనూ నిజమవుతుందా? ల్యాబు కిటికీల గడియలన్నీ ఊడదీయించింది. ఇంట్లో గిన్నెల మీద మూతలుండవు, అల్మారాకు తలుపులుండవు. తాళాలు బాగుచేసి బతికే మా అన్నయ్య ఇంట్లో ఒక్క తలుపూ మూసుకోదు. చలికాలమొస్తే పాపం కోటు వేసుకుని పడుకునేవాడు. "చలేస్తే ఇంకో కోటు వేసుకోవాలి గానీ కిటికీ జోలికి పోకూడదమ్మా" అని నాతో అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ల్యాబులోనూ ఇదే వరస. వార్డుల్లో పుండు నుంచి చీమును దూది చుట్టిన పుల్లకు అద్ది, గాజు గొట్టంలో పెట్టి పంపుతారు. ఆవిడ ఆ గొట్టాల మూతలన్నీ పీకి కిటికీ గట్టు మీద వరుసగా నిలబెట్టేది. లోపల చెమ్మ పట్టకూడదట. రక్తపరీక్షలన్నీ ముగించుకుని, తీరిగ్గా ఆ ఆరిపోయిన పుల్లల్ని తెచ్చి బ్యాక్టీరియాను పెంచే పళ్ళేల మీద రుద్దేది. ఏదీ పెరగకపోతే రిపోర్టులో "ఏమీ లేవు" అని రాసేది. అలాంటి రిపోర్టు రాసిన రోజు ఇల్లు ఊడ్చినంత తృప్తిగా కనిపించేది. గాలి పడని బ్యాక్టీరియాను పెంచేందుకు ఆసుపత్రి వాళ్ళు బిర్రుగా మూసుకునే ఉక్కు డబ్బా ఒకటి కొనిచ్చారు. అందులో దూది పోసుకుంది, మూత అవతల పారేసింది.

అన్నయ్యకు కడుపునొప్పి వచ్చింది. గ్యాసేలే అని పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. తీరా ఆసుపత్రికి తెచ్చేసరికి లోపల అపెండిక్స్ పగిలిపోయింది. డాక్టరమ్మ కోసి, కడిగి, చీము బయటికి రావడానికి గొట్టం పెట్టింది. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ అందుకుంది. గొట్టంలో చీము ఆగలేదు. దాన్ని పుల్లకు అద్ది వదిన దగ్గరికి పంపారు. ఏమీ లేవని రిపోర్టు వచ్చింది. పైగా యాంటీబయాటిక్ మందులకు వాంతులవుతున్నాయని, డాక్టరమ్మ ఆ కాగితాన్ని నమ్మి వాటిని ఆపేసింది.

ఆ తరువాత అన్నయ్య నీరసించిపోయాడు. కళ్ళు లోపలికి పోయాయి, మాట తడబడింది. కట్టు విప్పితే వార్డంతా మురిగిపోయిన కంపు. మనిషి దక్కడని నాకు భయం పట్టుకుంది. ల్యాబుకు పరిగెత్తాను.

"వదినా, ఆ కంపుకు ముక్కులు బద్దలవుతున్నాయి. లోపల ఏదో ఉంది."

"కడుపులోంచి అత్తరు వాసన వస్తుందా? కిటికీ తియ్యి, అదే పోతుంది."

"ఏమీ లేకపోతే ఆ జ్వరమేంటి?"

"కోత పెట్టిన ఒళ్ళు కాలదా? గాజుపలక మీద పూసి మైక్రోస్కోపులో చూశాను, బ్యాక్టీరియా ఉంది. పళ్ళెంలో పెరగలేదు. అంటే చచ్చిందన్నమాట. చచ్చినదానికి భయపడతావా?"

"పోనీ ఎదురుగా ఉన్న పెద్ద ల్యాబుకు కూడా పంపుదాం."

"నా మొగుడి చీము ఇంకో ల్యాబుకా? రేపట్నుంచి నేను తలెత్తుకు తిరగాలా వద్దా?"

ఆవిడ తలెత్తుకోవాలంటే మా అన్నయ్య తల వాల్చేయాలన్నమాట! ఇక ఆవిడతో మాటలు దండగనుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మూతలు పీకడం, గట్టు మీద ఆరబెట్టడం, అన్నీ చెప్పేశాను. డాక్టరమ్మ గబగబా వార్డుకు వచ్చి, కట్టు విప్పి, వంగి వాసన చూసింది.

"మన పేగుల్లో గాలి అక్కర్లేని బ్యాక్టీరియా కోట్లకొద్దీ ఉంటుందమ్మా. అక్కడ ఉన్నంతవరకూ మన మంచికే. పేగుకు చిల్లుపడి బయటికొచ్చిందంటే ఇలా చీము పట్టిస్తుంది. గాలి తగిలితే అది చస్తుంది. మీ వదిన కిటికీలో చంపేసి, లేదని రాసింది. మీ అన్నయ్య కడుపులో గాలెక్కడుంది? అక్కడ హాయిగా పెరుగుతోంది."

"మీరు ల్యాబులోకి ఒక్కసారైనా తొంగిచూడలేదా అండీ?"

"లేదు" అంది డాక్టరమ్మ. ఆ ఒక్క మాటకు ఆవిడ మీదా నాకు పీకల్దాకా కోపం వచ్చింది.

చీమును సిరంజిలోకి లాగి, అందులోని గాలంతా బయటికి నెట్టి, మూత బిగించి, ఎదురు ల్యాబులో ఇచ్చి రమ్మని నా చేతికిచ్చింది. ఫలితం కోసం ఆగకుండా మందులు మళ్ళీ మొదలుపెట్టి, ఆపరేషన్ గది సిద్ధం చేయమంది. నేను వరండాలోకి వచ్చేసరికి వదిన అడ్డంగా నిలబడింది.

"అది ఇటియ్యి."

"చస్తే ఇవ్వను."

"నా పరువు తీసి నీకేం ఒరుగుతుందే?"

"నా తోడబుట్టినవాడు మిగులుతాడు, జరుగు!" అని భుజంతో నెట్టేసి వెళ్ళాను. ఆ పని చేసినందుకు నాకు ఇప్పటికీ రవ్వంత బాధ లేదు.

మళ్ళీ కోసి, లోపల దాక్కున్న చీమంతా తీశారు. అన్నయ్య బతికి బట్టకట్టాడు. అవతలి ల్యాబులో గాలి లేని డబ్బాలో పెట్టిన పళ్ళెం నిండా బ్యాక్టీరియా పెరిగింది. ఆ మాట డాక్టరమ్మ మంచం పక్కనే, వదిన ఎదుటే చెప్పింది.

"వాళ్ళ డబ్బా సరిగ్గా కడిగుండరు" అంది వదిన, కర్టెన్ పక్కకు లాగుతూ.

పెళ్ళయిన నాటి నుంచి పెళ్ళాం మాటకు ఎదురు చెప్పి ఎరగడు మా అన్నయ్య. దిండు మీద నుంచి తల కొంచెం లేపి, ఆవిడనే చూస్తూ అడిగాడు.

"ఇన్నేళ్ళలో ఇంకెంతమందికి ఏమీ లేవని రాశావే?"

వదిన తడుముకోలేదు. గర్వంగానే చెప్పింది.

"చాలామందికే రాశాను. ఒక్కరంటే ఒక్కరు తిరిగొచ్చి తప్పని అన్లేదు."