దూది పట్టిన ఇల్లు

మా ఇల్లు కింద రాయి, పైన చెక్క. ఆదోని పాత బజారు వైపు ఇలాంటివి ఇంకా కొన్ని మిగిలాయి. కింది గోడలు బండరాళ్లు. పై అంతస్తు ముందు భాగమంతా టేకు పలకలు, వాటికి చెక్క కిటికీలు, వీధిలోకి పొడుచుకొచ్చిన చిన్న వసారా. అరుగు మీద చెక్క స్తంభాలు. మా ఆయన తాత పత్తి బేరం చేసి బాగున్న రోజుల్లో కట్టించాడట. బాగున్న రోజులు ఎటో పోయాయి, చెక్క మాత్రం మిగిలింది. దాన్ని చూసుకునే పని మా అత్తది.

ఏటా వానలు తగ్గాక మా అత్త నూనె కాచేది. వెనకటికి కుసుమ నూనె పూసేవాళ్లట. ఇప్పుడు ఆ పంట చేలల్లో కనబడితే ఒట్టు. అందుకని నూనె మిల్లులో అడుగున మిగిలే శెనక్కాయ మడ్డి తెప్పించి, కాచి, పాత పంచె గుడ్డ ముంచి, పలక పలకకూ రుద్దేది. మర్నాడు గోనెపట్టతో తుడిచేది. తనకు అందని చోటికి మా మరిది నిచ్చెన ఎక్కేవాడు. ఆ వారమంతా ఇల్లు బజ్జీల కొట్టులా వాసన కొట్టేది. చెక్కకు చెదలు పట్టలేదు, పగుళ్లు రాలేదు, నిజమే, కాదనను. కానీ చూడ్డానికి! తరతరాలుగా వాడిన దోసె పెనంలా నల్లగా, జిడ్డుగా. అటూ ఇటూ టైల్స్ అంటించి స్టీలు గ్రిల్లులు పెట్టిన ఇళ్లు, మధ్యలో మాది తలంటుకొని స్నానం చేయడం మర్చిపోయిన మనిషిలా నిలబడేది.

నాకు ఆ ఇల్లంటే సిగ్గు. ఉన్న మాట చెబుతున్నాను. పెళ్లయి వచ్చిన రోజు రిక్షా దిగి తలెత్తి చూసినప్పుడే నా ప్రాణం ఉసూరుమంది. అయితే ఈ సంగతి నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. నా కడుపులో మాట ఎవరికి తెలుస్తుందిలే అనుకునేదాన్ని.

పోయిన చలికాలం మా మరిదికి ఎమ్మిగనూరు సంబంధం వచ్చింది. మా మరిది మార్కెట్ యార్డులో పత్తి తూకాల దగ్గర గుమాస్తా. నలభైకి దగ్గరపడ్డాడు. అంతకుముందు సంబంధాలు ఏదో ఒక వంకతో తప్పిపోతూ వచ్చాయి. చివరికి ఆ మాట ఎత్తితేనే లేచి బయటికి పోయే స్థితికి వచ్చాడు పాపం. ఈ పిల్ల మాత్రం నచ్చింది. మగ్గం నేసే వాళ్ల ఇంటి పిల్ల, ఎమ్మిగనూరులోనే జెరాక్స్ అంగట్లో పని చేస్తుంది. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. మిద్దె మీద నిలబడి అతను ఒక్కడే నవ్వుకోవడం విని మా అత్త నా మోచెయ్యి గిల్లింది, "ఇన్నావా?" అని. ఇద్దరం నోరు నొక్కుకున్నాం. ఇక మిగిలిందల్లా పిల్ల తరఫు పెద్దలు వచ్చి ఇల్లు చూసుకోవడం. మా వైపు ఆ చూపు అయితేనే మాట ఖాయం.

ఇల్లు చూస్తారనగానే నాకు బెంగ పట్టుకుంది. ఈ జిడ్డు మొహం చూసి ఎవరైనా పిల్లనిస్తారా? రంగు వేద్దామన్నాను.

మా అత్త చేటలో బియ్యం చెరుగుతోంది. ఆపలేదు. "నూనె తాగిన చెక్కమ్మా అది. దాని మీద ఏం నిలుస్తాది?" అంది.

"నిలవకపోయేదానికి అదేమన్నా నీళ్లా అత్తా? ఎనామిల్ పెయింటు. అందరూ ఏస్తాండారు, మనమే ఉండాము ఈ కాలంలో నూనె పూసుకుంటా," అన్నాను.

మా ఆయన వైపు చూశాను. ఆయన బస్సు డ్రైవరు. ఇంట్లో ఆడవాళ్ల మధ్య మాట పెరిగిందంటే డ్యూటీ గుర్తొస్తుంది. "నన్ను ఇందులోకి లాగద్దండి," అని చెప్పులేసుకున్నాడు. మా మరిది కాసేపు నా మొహం చూసి, "ఏద్దాంలే వదినా. నేనే ఏస్తా, కూలి మనిషెందుకు?" అన్నాడు. లేత నీలం నేనే ఎంచాను.

శని, ఆదివారాలు రెండు రోజులూ నిచ్చెన మీదే ఉన్నాడు. నేను కింద నిలబడి అక్కడ వదిలేశావు, ఇక్కడ కారుతోంది అని కేకలు పెట్టడమే. పూర్తయ్యాక వీధి అవతలికి పోయి చూస్తే, అబ్బ, ఏం చెప్పాలి! ఇది మా ఇల్లేనా అనిపించింది. మురిసిపోయి మా అత్తను కూడా చెయ్యి పట్టుకొని తీసుకుపోయి చూపించాను. ఆమె చూసింది. "బాగుండాది," అంది. మర్యాదకు అంది.

పొద్దునకు ఆరలేదు. చలి కదా, ఎండ రావాలి అనుకున్నాం. ఎండొచ్చింది, పోయింది, ఆరలేదు. వేలు పెడితే వేలికి అంటుకొని సాగింది. కింద ఇన్నేళ్ల నూనె ఉంటే పైన రంగు ఎక్కడ పట్టుకుంటుంది? సరే, రేపు ఆరుతుంది, ఎల్లుండి ఆరుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. అదీ దరిద్రం కాకపోతే, అది పత్తి కాలం. ఆదోనిలో పత్తి కాలమంటే ఎలా ఉంటుందో ఈ ఊళ్లో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. లారీల నిండా విడి పత్తి పోతుంటుంది, గింజ తీసే జిన్నింగు మిల్లుల నుంచి దూది లేస్తుంటుంది, గాలిలో, కాలవల్లో, కరెంటు తీగల మీద, ఆరేసిన బట్టల మీద అంతటా దూదే. మేం బట్టలు దులపకుండా మడత పెట్టం. మా మరిది ఇంట్లోకి వచ్చే ముందు వాకిట్లో నిలబడి తలకాయ దులుపుకుంటాడు. అలాంటి ఊళ్లో, అలాంటి నెలలో, తడి రంగు వేసి కూర్చున్నాం! ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి తట్టలేదు.

మొదట సన్నగా నూగులా కనిపించింది. తర్వాత పలకల మీద, కిటికీల మీద, స్తంభాల మీద తెల్లగా దట్టంగా పట్టింది. గాలి వీస్తే అది కదిలేది కూడాను, ఛీ. ఎదురింటి టైలరు చాచా మిషను ఆపి, కళ్లద్దాలు పైకి నెట్టి తీరిగ్గా చూశాడు.

"ఏమ్మా, ఇంటికి చలేస్తాందని స్వెట్టర్ ఏసినారా?" అన్నాడు.

"అవును చాచా, కొలతలు మీరు సరిగ్గా ఇయ్యలేదు, కొంచెం లూజయింది," అన్నాను. నవ్వించాను కానీ లోపలికి పోయి ఏడ్చాను. సందులో పోయేవాళ్లు ఆగి ఫోన్లలో ఫొటోలు తీసుకుంటున్నారు. నేను కూరగాయలకు కూడా పెరటి దారిన పోవడం మొదలుపెట్టాను.

వాళ్లు వచ్చే రోజు పొద్దున మా మరిదీ నేనూ స్తంభాల మీది దూది పీకుతూ కూర్చున్నాం. పీకితే దూదితో పాటు రంగు చర్మంలా లేచి వస్తోంది, కింద నల్ల చెక్క మచ్చలు మచ్చలుగా బయటపడుతోంది. మధ్యాహ్నం వస్తామన్నవాళ్లు ముందుగానే దిగారు. పిల్ల తల్లి, పిల్ల మేనమామ. నా చేతులు మోచేతుల దాకా నీలం. ఆ చేతులతోనే నమస్కారం పెట్టాను.

ఆయమ్మ మంచి పట్టుచీర కట్టుకొని వచ్చింది. చెప్పులు విడవడానికి ఒంటికాలి మీద నిలబడి, పడిపోకుండా స్తంభాన్ని పట్టుకుంది. వద్దమ్మా అని నేను అరిచేలోపే అయిపోయింది. అరచెయ్యంతా నీలం, దాని మీద దూది. కట్టు కట్టిన చెయ్యిలా ఎత్తి పట్టుకొని మా వైపు చూసింది. ఇంటికి వచ్చినవాళ్లకు ఎవరైనా కాళ్లకు నీళ్లిస్తారు. మేం చేతికి టర్పెంటైన్ ఇచ్చాం. భూమి చీలితే దిగిపోయేదాన్ని.

లోపల బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టాం. ఆయమ్మ చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకొని, ప్లేటు మెల్లగా పక్కకు జరిపింది. సబ్బుతో ఎంత కడిగినా ఆ కంపు పోతుందా? మేనమామ మాత్రం శుభ్రంగా తిన్నాడు. తిని, మూతి తుడుచుకొని నవ్వుతూ అడిగాడు.

"కాదప్పా, ఎమ్మిగనూరులో ఉండేటోళ్లం మాకే తెలుసు. ఈ నెలల్లో ఆదోనిలో రంగు పెడితే దూది పట్టదా? ఎవరిది ఈ యోచన?"

నేను తలుపు దగ్గర రెండో విడత బజ్జీల ప్లేటు పట్టుకొని నిలబడి ఉన్నాను. మా అత్త నా వైపు చూసింది. నాది అనాలి. ఒక్క మాట. అది కూడా నవ్వుతూ అనేస్తే అయిపోయేది.

"నాదేనన్నా," అన్నాడు మా మరిది. "నాకు కొంచెం తొందరెక్కువ. అమ్మ వద్దన్నా ఇనలేదు."

ఆయమ్మ అతని వైపు ఒకసారి నిదానంగా చూసింది. నేను "కాఫీ తెస్తా" అని వంటింట్లోకి పోయాను.

కబురు మధ్యవర్తి ద్వారా ఫోన్లో వచ్చింది. ఇల్లు బాగలేదని కాదట. తూకాల దగ్గర పనిచేసే మనిషంటే నిదానస్తుడనుకున్నారట. తల్లి మాట కూడా వినకుండా ఆత్రపడే మనిషి, చూస్తూ చూస్తూ పిల్లనెట్లా ఇస్తాం అన్నారట. మా మరిది ఊ, ఊ అని విని ఫోను పెట్టేసి, మిద్దె ఎక్కి అక్కడే ఉండిపోయాడు. ఆ సాయంత్రం పైనుంచి మాటలు గానీ నవ్వు గానీ వినబడలేదు. నేను ఎమ్మిగనూరుకు పోయి నిజం చెప్పొస్తానంటే మా అత్త, "ఇప్పుడు చెప్తే వాన్ని అబద్ధాలోడు కూడా అంటారు. కూర్చో," అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాతి ఆదివారం మా మరిది నిచ్చెన తీశాడు. రంగంతా గీకేసి మళ్లీ నూనె పట్టించాలి. నేను పోయి కింద నిచ్చెన పట్టుకున్నాను. అతను గీకే రేకుతో పై పలకలు మొదలుపెట్టాడు. ఇక ఉండబట్టలేకపోయాను.

"ఎందుకప్పా నీ నెత్తినేసుకున్నావు? ఏయమన్నది నేను కదా. నీ సంబంధం కుదరాలనే కదా నేను ఇంత చేసింది."

అతను గీకడం ఆపలేదు.

"సంబంధం కోసమా? ఆ ఎమ్మిగనూరు పాపకు ఎప్పుడో ఇంటి ఫొటో పంపినా వదినా, నల్లగా ఉన్నప్పటిది. బాగుండాది అనింది. రంగు ఆ పాప కోసం ఏసింది కాదు."

"మరి?"

"నీకు ఈ ఇల్లంటే నామోషీ కదా. చుట్టాలెవరన్నా వస్తాండారంటే సందు మొదట్లోకే ఎదురుపోతావు. మాటల్లో పెట్టి, వాళ్లు తలెత్తి సూడకముందే గబగబా లోపలికి తోడుకొస్తావు. నువ్వొచ్చినకాడి నుంచి సూస్తాండాం. అమ్మకూ తెలుసు, అన్నకూ తెలుసు. ఈసారన్నా మన వాకిట్లో నిలబడి పిలుస్తావని ఏసినా."

నీలం పొట్టు నా జుట్టు మీద, భుజాల మీద రాలుతోంది. పక్కకు జరుగు వదినా, కళ్లల్లో పడతాది అన్నాడు. పడే ప్రమాదం లేదు. నేను తలెత్తితే కదా. నిచ్చెన కాళ్లు రెండు చేతులా పట్టుకొని కింద బండల వైపే చూస్తూ నిలబడ్డాను.