సోములు రాయించిన దిద్దుబాటు

గరివిడి ఫ్యాక్టరీ యార్డులో మాంగనీసు రాయి కుప్పలు వానకు తడిసి, ఇంకా నిద్ర లేవని ఏనుగుల్లా పడుకుని ఉంటాయి. ఇరవై రెండేళ్లుగా వాటి నమూనా తీసే పని సోములుది. కుప్పలో పదిచోట్ల పార వేసి, తెచ్చింది ఒకచోట పోసి, చదును చేసి నాలుగు పాళ్లు పెడతాడు. ఎదురెదురు పాళ్లు ఉంచుకుని మిగతావి తోసేస్తాడు. అలా చివరికి మిగిలిన గుప్పెడు సంచిలో కట్టి, కుప్ప చీటీని ఫోనుతో స్కాన్ చేస్తాడు. ఆ వివరం గనివాళ్లకూ, ఫ్యాక్టరీకీ, సరుకు కొనే ఉక్కు కంపెనీకీ ఒకేసారి చేరుతుంది. దాన్ని బ్లాక్‌చెయిన్ అంటారని ల్యాబులో పనిచేసే ఝాన్సీ చెప్పింది.

శ్రావణంలో ఒక గాలివాన పూట కూలీలు చీటీలను కర్రలకు కాక టార్పాలిన్లకే గుచ్చారు. గాలికి లేచిపోయినవాటిని మళ్లీ కప్పడంలో ఏడో చీటీ తొమ్మిదో కుప్ప మీదికి వచ్చింది. సోములు తొమ్మిదో కుప్ప నమూనాకు ఆ చీటీనే స్కాన్ చేసేశాడు; ఏడో కుప్ప బాగున్నట్టు ల్యాబు ఫలితం కూడా ఎక్కిపోయింది. మధ్యాహ్నం అన్నానికి చేతులు కడుగుతుంటే నీళ్లలోకి ఎర్రజీర దిగింది. వాన తడిలో అన్నీ నల్లగానే కనిపించాయి కానీ, నిజంగా నల్లన ఏడో కుప్ప రాయి. ఆ ఎరుపు తొమ్మిదోది.

పరుగున ల్యాబుకి వెళ్లాడు. "ఝాన్సమ్మా, తప్పయిపోనాది. ఆ ముక్క సెరిపెయ్యమ్మా."

"ఎవరి వల్లా కాదు బాబాయ్. అందరి దగ్గరా కాపీ ఉన్నాది. కిందన దిద్దుబాటు రాయగలం, అంతే."

"అయితే నా తప్పు అలాగే ఉండిపోతాదా?"

"ఉంటాది. దిద్దినట్టూ ఉంటాది."

నుదుట పచ్చబొట్టు పొడిపించుకుంటున్నట్టే అనిపించింది. అయినా రాయించాడు.

మూడు వారాలకు ఉక్కు కంపెనీ సరుకు తిప్పి పంపింది. ఉక్కును పెళుసు చేసే భాస్వరం ఎక్కువైందట. కొలిమి సూపర్‌వైజరు తిరుమలరావు, సోములుకి వరసకి బావ, యార్డులోనే కేకేశాడు.

"ఒరే సోములూ! ఏడో కుప్ప బాగున్నాదని నువ్వే కదరా పంపినావు? రేపట్నుంచి నిన్ను రానివ్వొద్దంటన్నారు."

ఇరవై రెండేళ్ల పని పోయినట్టే అనుకున్నాడు సోములు. యాభై దాటిన మనిషిని మరో యార్డు ఎందుకు పెట్టుకుంటుంది? ఆ రోజు ఏం రాసి ఉందో చూద్దామని ఇద్దరూ ల్యాబుకి నడిచారు.

ఝాన్సీ ఉక్కు కంపెనీ ల్యాబుకి రాసిన ఉత్తరం పైకి చదివింది. "ఆ ఫలితం ఏడో కుప్పది కాదు, తొమ్మిదోదని పన్నెండూ పదికి మీ మనిషే దిద్దాడు. మూడింటికి ఆ ఏడో కుప్ప రాయినే కొలిమిలో ఎందుకు వేశారు?"

తిరుమలరావు గొంతు దిగింది. "పదకొండింటికే ల్యాబు ఫలితం ప్రింటు తీసి గోడకి అంటించీసినాను. మళ్లీ తెర ఎవుడు సూస్తాడు?"

"గోడని అడగాల్సింది బావా," అన్నాడు సోములు. అన్నాక తనకే నవ్వొచ్చింది. నవ్వుతూనే గడప మీద కూలబడ్డాడు. వారాలుగా గుండెల్లో తడిసి ముద్దయిన గుడ్డేదో ఎండకు ఆరేసినట్టు తేలికైంది.

"నీ పనికేటీ కాదురా. ఇప్పుడు నా పనే సూసుకోవాలి," అంటూ తిరుమలరావు ఝాన్సీ తనకిచ్చిన టీ గ్లాసు అతని చేతిలో పెట్టాడు. "తాగు ముందు. సల్లారిపోతాది."