ఫ్రేములో వడ్ల వాసన

మిర్యాలగూడ కళాచరిత్ర రోజూ పొద్దున ఆరింటికి మొదలవుతుంది. రిటైరైన డ్రాయింగ్ సారు నాగేందర్ అప్పుడే వరండా గోడకున్న ఖాళీ ఫ్రేమును తువ్వాలుతో తుడిచి, రెండడుగులు వెనక్కి వేసి, కళ్లు మూసుకుంటాడు. వెనకవీధి రైసుమిల్లులో ఉడికే వడ్ల వాసనే అందులో ఆయన గీసిన చిత్రం. చూడవచ్చినవాళ్లంతా నవ్విపోయారు. ఊరు ఒప్పుకోకపోయినా భార్య అరుణ ఒప్పుకుంటే చాలనుకున్నాడు. ఆమేమో, "ఉత్త చట్రానికి గింత తుడుసుడెందుకయ్యా? జర ఆ కిటికీలన్న తుడువు" అనేది.

నిన్న మాత్రం చీపురు పక్కన పెట్టి, ఫ్రేము ముందు నిలబడి కళ్లు మూసుకుంది. మొహం మెల్లగా మెత్తబడింది.

"వస్తున్నదయ్యా. మా అమ్మ వడ్లు ఉడుకబెట్టినట్టే ఉన్నది."

సారు కాళ్లు నేల మీద ఆనలేదు.

నిన్న అమావాస్య. మిల్లుకు సెలవు.